మందు మాన్పించే మందిరాలు.. మరువరాని మూడో రాత్రి

* ప్రార్థనకు తోడు వైద్యం లేకుంటే ప్రాణాపాయం
* మొదటి వారం ఆసుపత్రిది.. తర్వాతి ఏళ్లు సంఘానివి

బాపట్ల: కూలి డబ్బులు చేతికందేది శనివారం సాయంత్రం. మందిరంలో ఆరాధన ఆదివారం ఉదయం. ఈ రెండింటి నడుమ ఉన్న ఒక్క రాత్రిలో తీరప్రాంత దళితవాడల్లోని ఎన్నో సంసారాల తలరాత తేలిపోతుంది. వారమంతా మిరప చేలలోనో, రొయ్యల చెరువుల మీదనో, ఇటుక బట్టీల్లోనో ఒళ్లు హూనం చేసుకున్న మనిషి ఇంటికి చేరే దారిలోనే బెల్టు దుకాణం ఉంటుంది. ఆ దారి చివర మందిరమూ ఉంటుంది. భార్య మందిరంలో మోకరించి ఉంటే, భర్త దుకాణం దగ్గర నిలబడి ఉండటం ఇక్కడ కొత్త సంగతి కాదు.

విసిగి వేసారిన ఆ ఇల్లాలు చివరకు వెళ్లేది పాస్టరు గారి దగ్గరకే. ఆసుపత్రికి కాదు, పోలీసు స్టేషనుకూ కాదు. కారణం చెప్పనక్కరలేదు. పాస్టరు గారు పిలిస్తే పలికేంత దూరంలో ఉంటారు. ఫీజు అడగరు. రాత్రి పదకొండు గంటలకు తలుపు తట్టినా విసుక్కోరు. పైగా పల్లెల్లోని చిన్న సంఘాల కాపరుల్లో చాలామంది ఆ వాడ మనుషులే, నిన్నటి వరకు అదే కూలి చేసినవారే. అలాంటివారు పూనుకున్న మీదట తాగుడు మాని, ఇల్లు నిలబెట్టుకున్న వారు ప్రతి ఊళ్లో ఒకరిద్దరైనా కనిపిస్తారు. ఇది కాదనలేని మాట.

అయితే అంతే నిజమైన మరో మాట ఉంది. బాగా ముదిరిన తాగుబోతును ఉన్నపళంగా మాన్పిస్తే, ఆ మాన్పించడమే అతడి ప్రాణం తీయవచ్చు. ఈ సంగతి తెలియని మందిరాలు ఇంకా ఉన్నాయి. తెలియక జరిగే నష్టం చిన్నది కాదు.

మాన్పించబోతే ప్రాణం పోయింది

ఈ విలేఖరి స్వగ్రామంలో చాలా ఏళ్ల కిందట జరిగిన ఒక ఉదంతం చెప్పక తప్పదు. అతడు ట్రాక్టరు తోలేవాడు. వయసు నలభై దాటలేదు. తెల్లవారి లేవగానే క్వార్టరు సీసా గొంతులో పడితే గాని చేతి వణుకు ఆగని స్థితికి చేరాడు. భార్య, బావమరుదులు కలిసి ఒక ఆదివారం అతడిని పొరుగూరిలోని ప్రార్థనాలయానికి చేర్చారు. అక్కడివారు మంచివారే. స్నానం చేయించారు, అన్నం పెట్టారు, చుట్టూ కూర్చుని రాత్రింబవళ్లు ప్రార్థించారు. మొదటి రోజు వణికాడు, చెమటలు పోసుకున్నాడు. రెండో రోజు ఒక్కసారిగా కొయ్యబారి కింద పడి నోట నురగ కక్కాడు. మూడో రాత్రి గోడల మీద పాములు పాకుతున్నాయని కేకలు వేశాడు. గదిలో లేని మనుషులతో మాట్లాడాడు. ఒళ్లు పెనంలా కాలిపోయింది.

లోపలి దురాత్మ వదిలి పోతూ పెడుతున్న పోరు ఇదని అందరూ నమ్మారు. ప్రార్థన స్వరం ఇంకా పెంచారు. తెల్లవారుజామున ఎవరికో అనుమానం వచ్చి ఆటోలో ఎక్కించారు గాని, పట్టణం చేరకముందే ప్రాణం పోయింది. ఆ ఇంట్లోవారు దేవుని చిత్తమనుకున్నారు. ఊళ్లోవారు మరోలా అనుకున్నారు: మానడం వల్లే పోయాడు, తాగుతూ ఉంటే బతికేవాడు. ఈ రెండో మాటే ఎక్కువ కీడు చేసింది. దాన్ని అడ్డం పెట్టుకుని మిగతా తాగుబోతులు చాలాకాలం మానే ఊసే ఎత్తలేదు.

ఆ మనిషికి వచ్చింది దయ్యం కాదు. దానికి వైద్యులు పెట్టిన పేరు డెలీరియం ట్రెమెన్స్. మద్యం మెదడును మందగింపజేసే పదార్థం. ఏళ్ల తరబడి రోజూ ఆ బరువు మీద పడుతుంటే, మెదడు ఎదురు బరువు వేసుకుని ఎలాగో సమతూకం నిలుపుకొంటుంది. పాతకాలపు ఏతం చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. నీళ్లతో నిండిన బానను తాడు తెంచి వదిలేస్తే, ఎదురు బరువున్న కొస దబ్బున నేలకు కొట్టుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగినప్పుడు మెదడులో జరిగేదీ అదే. ఎదురు బరువు అలాగే ఉంటుంది, దాన్ని ఆపేది పోతుంది. నరాల వ్యవస్థ అదుపు తప్పి రెచ్చిపోతుంది.

దీనికి ఒక కాలక్రమం ఉంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటాక, నాలుగో రోజు లోపు మతి తప్పడం, లేనివి కనిపించడం, జ్వరం, గుండె దడ, రక్తపోటు పెరగడం కనిపిస్తే పరిస్థితి విషమించినట్టే. అందరికీ ఇంత దూరం రాదు. ఎక్కువమందికి వణుకు, నిద్రలేమితోనే పోతుంది. కానీ ఎవరికి వస్తుందో ముందుగా కొంత పసిగట్టవచ్చు. గతంలో మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, పొద్దున లేస్తూనే తాగేవారు, కాలేయం చెడినవారు, తిండి మానేసి సీసా మీదనే బతుకుతున్నవారు ఇంట్లోనో మందిరంలోనో మానే ప్రయత్నం చేయకూడదు. ఆసుపత్రిలో డయజిపామ్, లోరజిపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్ వంటి మందులు మొదట తగిన మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ పోతారు. బానను తాడు తెంపకుండా నెమ్మదిగా దించడమన్న మాట. సకాలంలో చికిత్స అందితే మతి తప్పే దశకు చేరినవారిలోనూ మరణాలు నూటికి ఐదు లోపే.

మన పల్లెల్లో మరో పొరపాటు జరుగుతోంది. నీరసించిన తాగుబోతుకు ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు సీసా తగిలించి వెళ్లిపోతాడు. తాగేవారి ఒంట్లో బి1 విటమిను, అంటే థయమిన్, బొత్తిగా అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. కళ్లు తేలవేయడం, నడక తడబడటం, ఆపై జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవడం దీని ఫలితాలు. థయమిన్ ఇంజెక్షను ఖరీదైనదేమీ కాదు. అడిగేవారు లేక చాలాచోట్ల వేయడం లేదు.

అంగడి మూతపడిన రోజులు

ఇవి పుస్తకాల్లోని మాటలని ఎవరైనా అనుకుంటే, తెలుగు నేల మీద కళ్లారా చూసిన సందర్భాలు మూడున్నాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ శాఖ దాడులు ముమ్మరం చేసింది. ఆల్‌ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్లుకు అలవాటు పడినవారికి అది ఒక్కసారిగా అందకుండా పోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వందలమంది పిచ్చి చూపులతో, వణుకుతో, మూర్ఛలతో వచ్చి పడ్డారు. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి ఇదే తీరున జనం పోటెత్తారు. అదే సంవత్సరం జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు. ఆ వార్త చదివి నవ్వుకున్నవారు అప్పట్లో లేకపోలేదు. దాహంతో గిలగిలలాడే మెదడుకు సీసా మీది అక్షరాలు కనిపించవన్నది వారికి తెలియదు.

మరి ప్రార్థనతోనే నిలువునా మానిన వారి కథలు అబద్ధాలా? అబద్ధాలు కావు. కానీ ఆ కథలు ఎక్కడివో చూడాలి. మన సంఘాల్లో ప్రసంగీకులు తరచూ చెప్పే ఉదంతాలు రెండు. 1958లో న్యూయార్కు వీధి ముఠాల కుర్రాళ్ల మధ్యకు వెళ్లిన డేవిడ్ విల్కర్సన్‌ది ఒకటి. 1966లో హాంకాంగ్ చేరి, కౌలూన్ కోటపేటలోని మత్తుబానిసల మధ్య పనిచేసిన జాకీ పుల్లింజర్ అనే ఆంగ్ల యువతిది రెండోది. ఇద్దరూ మహత్తర సేవ చేశారు. పుల్లింజర్ దగ్గరకు వచ్చినవారిని రాత్రింబవళ్లు వంతులవారీగా పక్కన కూర్చుని, ప్రార్థనతో ఒడ్డుకు చేర్చారు. అయితే అక్కడివారు మానింది హెరాయిన్. హెరాయిన్ మానినప్పుడు ఒళ్లు విరుచుకుపోతుంది, విరేచనాలు పడతాయి, నరకం కనిపిస్తుంది గాని, ఆరోగ్యవంతుడికి ప్రాణం మీదకు రావడం అరుదు. మద్యం అలా కాదు. కల్తీ కల్లులో కలిసే ఆల్‌ప్రజోలం కూడా అలా కాదు. హాంకాంగ్‌లో నడిచిన పద్ధతిని కురిచేడులో నడిపిస్తామంటే కుదరదు. విశ్వాసంలో తేడా లేదు, తాగిన పదార్థంలో తేడా ఉంది.

దోర్నకల్ నాలుగు దయ్యాలు

వైద్యాన్ని పక్కన పెట్టడం తెలుగు క్రైస్తవ సంప్రదాయంలోనూ లేదు. 1883లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ నెలకొల్పిన స్త్రీల ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. మన తాతముత్తాతలు ఎందరో ఆ గోడల మధ్య పుట్టినవారే. రాయవెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు కుటుంబ సభ్యుల్నీ ఉంచుకుని చికిత్స చేసే పద్ధతి పాదుకొంది. గాయపడి దారిలో పడి ఉన్నవాడిని చూసిన సమరయుడి కథ ప్రతి ఆదివారపు బడి పిల్లవాడికీ వచ్చు. అతడు పక్కన మోకరించి ఊరుకోలేదు. గాయాలకు కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చి రెండు దేనారాలు చెల్లించాడు. ఈ వివరాలు ప్రసంగాల్లో వినిపించినంతగా ఆచరణలో కనిపించవు.

తాగుడును దయ్యమన్న మాటకు కూడా మన దగ్గర ఒక గౌరవప్రదమైన చరిత్ర ఉంది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన తొలి భారతీయుడు వి.ఎస్.అజరయ్య. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, 1945లో మరణించే వరకు ఆ పీఠంలోనే ఉన్నారు. పుట్టింది తమిళనాట అయినా జీవితమంతా తెలుగు మాల, మాదిగ పల్లెల్లో గడిపారు. దోర్నకల్‌ను పట్టి పీడిస్తున్నవి నాలుగు దయ్యాలని ఆయన లెక్క కట్టారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ వరుసను జాగ్రత్తగా గమనించాలి. మురికిని వదిలించేది చీపురు, రోగాన్ని వదిలించేది వైద్యం, అప్పును తీర్చేది పొదుపు. వాటి సరసన నిలబెట్టిన తాగుడును కేకలతో వదిలించవచ్చని ఆయన అనుకున్నట్టు తోచదు. నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడేవని మాత్రం గ్రహించారు. ఇప్పటికీ అంతే. అప్పులవాడి ముఖం చూడలేక తాగేవాడు, తాగడానికి మళ్లీ అప్పు చేసేవాడు మన వాడల్లో ఒకడే.

బాపట్లకు కూతవేటు దూరంలోని స్టూవర్టుపురం మరో పాఠం. 1865లో లండన్ తూర్పు పేటల్లో విలియం బూత్ మొదలుపెట్టిన సేవ 1878లో సాల్వేషన్ ఆర్మీ అనే పేరు పొందింది, 1882లో మన దేశానికి వచ్చింది. మనవాళ్లు దాన్ని రక్షణ సైన్యం అంటారు. అందులో సైనికుడిగా చేరాలంటే మద్యం ముట్టనని ప్రమాణం చేయాల్సిందే. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని ఒకచోట ఉంచే పని ఆనాటి మద్రాసు ప్రభుత్వం ఈ సంస్థకు అప్పగించింది. అలా వెలసిందే స్టూవర్టుపురం. బడి పెట్టారు, పని చూపారు, చాలామంది చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లారు. అయితే అదంతా హాజరు పట్టీ మీద, అనుమతి చీటీ మీద నడిచిన సంస్కరణ. 1952లో ఆ చట్టం రద్దయినా, ఊరికి అంటిన మచ్చ మాత్రం పోలేదు. 1970ల్లో అదే ఊరికి విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలతా లవణం దంపతులు వెళ్లారు. దేవుడున్నాడన్నవారూ, లేడన్నవారూ ఒకే ఊరి గడప తొక్కారన్న మాట. ఎవరి పని ఎంత నిలిచిందనే వాదులాట అక్కడి పెద్దల్లో ఇంకా ఉంది. బలవంతంగా పెట్టిన కట్టడి కంటే, ఇంటింటికీ తిరిగి మనిషిగా పలకరించిన పలకరింపే ఎక్కువకాలం గుర్తుంటుందన్నది ఈ విలేఖరి అభిప్రాయం.

ఎనిమిదో రోజు నుంచి..

ఒంట్లోని విషం దిగడానికి వారం చాలు. కానీ మనిషి తిరిగి వచ్చేది అదే వాడకు, అదే అరుగుకు, అదే శనివారానికి. డిశ్చార్జి చీటీ ఇచ్చి పంపిన ఆసుపత్రికి అతడి సాయంత్రం ఆరు గంటల సంగతి తెలియదు. అసలు పరీక్ష అక్కడే. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందారు. ఆసుపత్రిలో చేరినవారు 180 మందిలో ఒక్కరే. మిగతావారిని చేరగలిగింది ఎవరు? వాడలో ఉన్నవారే. మందిరం విలువ ఇక్కడ తెలుస్తుంది.

సాయంత్రం దుకాణం వైపు కాళ్లు లాగే వేళకు మందిరంలో దీపం వెలుగుతుంది. పాట ఉంటుంది, తబలా ఉంటుంది, పక్కన కూర్చునే మనిషి ఉంటాడు. నిన్నటి దాకా పిల్లలు సైతం రాళ్లు విసిరిన మనిషిని సోదరా అని పిలిచేవారు ఉంటారు. చాపలు పరచమనో, మైకు సర్దమనో చిన్న పని అప్పగిస్తారు. పనికిమాలినవాడిగా ముద్ర పడినవాడికి ఆ పని ఎంత పెద్దదో బయటివారికి అర్థం కాదు. కూలి డబ్బు భార్య చేతికి ఇచ్చాడా లేదా అని అడిగే హక్కు సంఘ పెద్దకు ఉంటుంది. డాక్టరుకు ఆ హక్కు లేదు.

ఈ తోడు ఎంత పనిచేస్తుందో చెప్పే ఆధారం కూడా ఉంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, ఒక దళారీ, ఒక వైద్యుడు, ఒకరికొకరు తోడుగా నిలిచి మానడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసం నుంచి వచ్చిన ఈ బృందం తర్వాత ఏ మతానికీ కట్టుబడకుండా విడిగా నిలిచింది. దేవుడెవరన్నది ఎవరికి వారికే వదిలేసింది. 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి 2020లో వెలువరించిన కొక్రేన్ సమీక్ష, పూర్తిగా మానిన స్థితిలో కొనసాగేలా చేయడంలో ఈ బాటలోని పద్ధతులు ఇతర చికిత్సలకు తీసిపోవని, కొన్నిచోట్ల మిన్న అని తేల్చింది. మతం మాట ఎలా ఉన్నా, తాగి మానినవాడే తాగుతున్నవాడికి తోడు నిలవడం, క్రమం తప్పకుండా కలుసుకోవడం అందులోని కీలకం.

మన మందిరాలు తడబడుతున్నదీ ఇక్కడే. మాని పది రోజులు కాకముందే మనిషిని వేదిక ఎక్కించి, చేతికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పిస్తారు. కన్వెన్షన్ సభల్లో అయితే వేలమంది ఎదుట. చప్పట్లు మోగుతాయి. రెండో నెలలో అతడు జారిపడతాడు. తాగుడు మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బు, ఒకటి రెండుసార్లు జారడం అందులో భాగమే. కానీ సాక్ష్యం చెప్పినవాడికి జారడం అవమానం. మందిరం గడప తొక్కలేడు, పాస్టరు గారి కంట పడకుండా సందుల్లోంచి తిరుగుతాడు. సరిగ్గా తోడు కావలసిన రోజున తోడు పోతుంది. సంవత్సరం నిండే వరకు మైకు ఇవ్వకూడదని నియమం పెట్టుకున్న కాపరులు లేకపోలేదు. వారి మందిరాల్లో సాక్ష్యాలు తక్కువ, మానినవారు ఎక్కువ.

మాత్రల విషయంలోనూ కొందరు పట్టుదలకు పోతారు. స్వస్థత పొందినవాడికి మందులెందుకని ఆపిస్తారు. తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటివి నెలల తరబడి వాడాల్సినవి. మధుమేహానికి మాత్ర వేసుకునే పాస్టరు గారు తాగుడు మాత్రను మాత్రం అవిశ్వాసం కింద జమకట్టడం విడ్డూరం. డైసల్ఫిరామ్ అనే మాత్రది వేరే కథ. అది వేసుకుని మద్యం తాగితే ముఖం కందిపోయి, వాంతులై, గుండె దడతో రక్తపోటు పడిపోతుంది. అందుకే రోగికి చెప్పి, ఒప్పించి, వైద్యుడి పర్యవేక్షణలో ఇవ్వాలి. కొన్ని ఇళ్లలో దీన్ని పొడి చేసి, తెలియకుండా పప్పులో కలిపి పెడుతున్నారు. అతడు ఆ రాత్రి తాగి వస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఈ మాత్ర వాడుతున్నవారు మద్యం కలిసే దగ్గు మందులకూ దూరంగా ఉండాలి. ప్రభు భోజన సంస్కారంలో చాలా సంఘాలు పులియని ద్రాక్షరసమే వాడతాయి. అసలు ద్రాక్షారసం వాడే సంఘాలు మాత్రం ఇలాంటివారికి రొట్టెతో సరిపెట్టడం మేలు.

సాయానికి బాప్తిస్మాన్ని ముడిపెట్టడం మరో తప్పు. పక్క వీధిలోని హిందువుల ఇల్లాలో, ముస్లిం తల్లో కొడుకును తీసుకుని వస్తే, ముందు పేరు రాయించుకుందామనే ధోరణి కొందరిలో ఉంది. ఆ తర్వాత వచ్చే గొడవలు ఊరికే కాదు, తాగుబోతుకూ చేటే. మానడం, మారడం వేరువేరు నిర్ణయాలు. మొదటిదానికి రెండోదాన్ని షరతు చేస్తే ఆ మనిషి రెండింటికీ దూరమవుతాడు.

గొలుసు వేస్తే నేరం

మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం, మంచానికి కట్టేయడం ప్రేమతో చేసినా నేరమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తెచ్చింది. ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఇలాంటివారిని ఉంచుకుని చికిత్స చేసే కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉన్న రోగులు కదలలేక కాలిపోయారు. 28 మంది బలయ్యారు. ఆ గొలుసులు వేసినవారికీ ఎవరినీ చంపాలని లేదు.

దెబ్బలు తినే భార్యకు ఓర్చుకోమని, మౌనంగా ప్రార్థించమని చెప్పే సలహా కూడా మారాలి. ప్రార్థన చేసుకుంటూనే ఆమె 181కో 112కో ఫోను చేయవచ్చు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చు. అసలు ఈ నేల మీద మద్యంపై పోరు మొదలుపెట్టింది ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న కూలి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ముందు వరుసలో నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చినా దుకాణం ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్న చర్చే గాని, తాగి పడిపోయినవాడి మంచం పక్కన ఎవరు కూర్చుంటారన్న చర్చ లేదు.

పాస్టర్లు అడగాల్సిన ప్రశ్నలు

ఎవరైనా తాగుబోతును మందిరానికి తీసుకువస్తే, ప్రార్థనకు ముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. చివరిసారి ఎప్పుడు తాగాడు? రోజుకు ఎంత? పొద్దున్నే తాగుతాడా? ఇంతకు ముందు మానినప్పుడు మూర్ఛ వచ్చిందా, మతి తప్పిందా? కల్లు అయితే ఏ దుకాణంలోది? చివరి రెండు మూడు ప్రశ్నలకు అవునన్న జవాబు వచ్చినా, మనిషి అప్పటికే వణుకుతున్నా ఆ రాత్రి మందిరంలో ఉంచకూడదు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మూర్ఛ, జ్వరం, మతి తప్పడం కనిపిస్తే 108కు ఫోను చేయాలి. తాగుతున్నవాడిని ఆసుపత్రికి తీసుకువెళ్లే వరకు సీసా లాక్కోవద్దన్నది విచిత్రంగా తోచినా, ముదిరినవారి విషయంలో వైద్యులు చెప్పేది అదే. మాన్పించడం మంచం దొరికాకే మొదలుపెట్టాలి.

ఆసుపత్రిలో పాస్టరు గారు పక్కన కూర్చుని ప్రార్థన చేసుకుంటే ఏ డాక్టరూ అభ్యంతరం చెప్పరు. మూడో రాత్రి అతడు పాములను చూసి భయపడినప్పుడు, వెలుతురు ఉంచి, తెలిసిన గొంతుతో నెమ్మదిగా పేరు పెట్టి పిలవడం చికిత్సలో భాగమే. ఆ గొంతు నర్సుది కంటే సంఘ పెద్దది అయితే మరీ మంచిది.

మత్తు మానుకోదలచినవారి కోసం జాతీయ ఉచిత సహాయ నంబరు 14446. మానసిక వ్యథలకు 2022లో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416. ఈ కాల్స్‌కు డబ్బు పడదు. మందిరాల గోడల మీద ఆరాధన వేళలు, ఉపవాస ప్రార్థనల రోజులు పెద్ద అక్షరాలతో రాయించి ఉంటాయి. వాటి కింద ఈ రెండు నంబర్లకు చోటుంది.